దండలు మార్చుకున్నాం, పెళ్లి మాత్రం కాలేదు

2024 నవంబరులో, ముంబైలోని బాంద్రా కుర్లా కాంప్లెక్స్‌లో ఉన్న అమెరికన్ కాన్సులేటులో, నా వీసా ఇంటర్వ్యూలో, గాజు కిటికీకి అవతల కూర్చున్న అధికారిణి నేనిచ్చిన ఫొటోలలోంచి ఒకదాన్ని తీసి నా వైపు తిప్పింది. ఆ ఫొటోలో నేను పట్టుచీరలో ఉన్నాను, నేను పెళ్లాడబోయే అబ్బాయి పంచెలో ఉన్నాడు, ఇద్దరి మెడల్లోనూ మోకాళ్ల దాకా వేలాడే గులాబీ దండలున్నాయి, వెనుక మా పెదనాన్న అక్షింతలు చల్లుతున్నాడు. "ఇది మీ పెళ్లి కాదా?" అని ఆమె అడిగింది. ఆ ప్రశ్న వస్తుందని నాకు ఏడాదిన్నర ముందే తెలుసు. జవాబు కూడా సిద్ధంగానే ఉంది. అయినా నోరు ఒక్క క్షణం ఎండిపోయింది. మా ఇంట్లో అప్పటికి ఏడాదిన్నరగా జరుగుతున్న వాదమంతా ఆ ఒక్క ప్రశ్న మీదే జరిగింది మరి.

మాది కందుకూరు దగ్గర ఒక పల్లె. నాన్న పొగాకు రైతు, నేను ఒక జూనియర్ కళాశాలలో కామర్స్ చెబుతాను. నాకు కుదిరిన సంబంధం పొదిలి వైపు నుంచి తొమ్మిదేళ్ల వయసులో తల్లిదండ్రులతో అమెరికా వెళ్లి, అక్కడే పెరిగి, అక్కడి పౌరుడైన అబ్బాయిది. పెళ్లి కాకముందు నుంచే "ఆయన" అని రాయడం నాకు కుదరదు కనుక ఇక్కడంతా అతను అనే రాస్తాను, పెద్దలు మన్నించాలి. అతని తండ్రికి వారానికి మూడు రోజులు డయాలిసిస్ జరుగుతుంది. విమానంలో ఇంత దూరం వచ్చి పెళ్లి పనులలో రెండు వారాలు ఉండే స్థితి ఆయనకు లేదు. ఒక్కగానొక్క కొడుకు పెళ్లి కళ్లారా చూడాలన్నది ఆయన కోరిక. అందుకని పెళ్లి డాలస్‌లోనే చేయాలనీ, నేను అక్కడికి వెళ్లాలనీ ఇరువైపులా ఒప్పుకున్నారు. అలా వెళ్లడానికి ఉన్న దారి కె-1 వీసా, అంటే పెళ్లి నిశ్చయమైన వారికి ఇచ్చే వీసా.

ఈ వీసా సంగతి మన వైపు చాలామందికి తెలియదు, తెలిసినవారికి సగమే తెలుసు. 1970లో అమెరికా చట్టసభ చేసిన సవరణతో ఇది పుట్టింది. వియత్నాం యుద్ధకాలంలో విదేశాలలో ఉన్న సైనికులు అక్కడి అమ్మాయిలను పెళ్లాడదలిస్తే వారిని స్వదేశానికి రప్పించుకోవడానికి దారి లేకపోవడమే దానికి ముఖ్య కారణం. దరఖాస్తు అమెరికా పౌరుడు మాత్రమే పెట్టాలి, గ్రీన్ కార్డు ఉన్నంత మాత్రాన చాలదు. అతను ఐ-129ఎఫ్ అనే ఫారం నింపి పంపుతాడు. మేము పంపిన 2023 మే నెలలో దానికి రుసుము 535 డాలర్లు, 2024 ఏప్రిల్ 1 నుంచి అది 675 అయింది. ఆ దరఖాస్తు మంజూరయ్యాక నాలుగు నెలలు చెల్లుతుంది, అవసరమైతే కాన్సులేటు ఆ గడువును పొడిగించవచ్చు. వీసా చేతికొచ్చి ఆ దేశంలో అడుగుపెట్టిన నాటి నుంచి 90 రోజుల లోపల, దరఖాస్తు పెట్టిన ఆ మనిషినే పెళ్లి చేసుకోవాలి. చేసుకోకపోతే తిరిగి రావలసిందే. అక్కడ మనసు మారి మరొకరిని పెళ్లాడి ఉండిపోదామంటే ఈ వీసా మీద అది కుదరదు.

వీటన్నిటికంటే మా ఇంట్లో చిచ్చు పెట్టిన నియమం ఇంకొకటుంది. వీసా వచ్చేనాటికి, విమానం దిగేనాటికి కూడా మేమిద్దరం అవివాహితులుగానే ఉండాలి. పెళ్లయితే నేను కాబోయే భార్యను కాను, భార్యను. అప్పుడు ఈ వీసా నాకు పనికిరాదు, భార్యకిచ్చే వేరే వీసాకు మొదటి నుంచి దరఖాస్తు పెట్టుకోవాలి.

నాన్న ఈ మాట ఇంట్లో చెప్పిన రోజు నాయనమ్మ అన్నం ముందు నుంచి లేచిపోయింది. "మూడు ముళ్లు పడకుండా ఆడపిల్లను విమానం ఎక్కించేదేందిరా? మన వంశంలో ఎవురైనా చేసుండారా అట్టా?" అని ఆమె అడిగిన దానికి నాన్న దగ్గర జవాబు లేదు. పెదనాన్న మాత్రం మరుసటి రోజే ఉపాయంతో వచ్చాడు. మాలకొండ నరసింహస్వామి గుడి శనివారం మాత్రమే తెరుస్తారు కదా, అబ్బాయి ఈసారి వచ్చినప్పుడు ఒక శనివారం తెల్లవారుజామున పదిమందితో వెళ్లి తాళి కట్టించేస్తే మనకు తృప్తి, ఎవరికీ చెప్పకుండా ఉంటే వీసాకు వీసా, అక్కడికి వెళ్లాక మళ్లీ ఘనంగా చేసుకుంటారు అన్నాడు. ఈ ఉపాయం పెదనాన్న బుర్రలో మాత్రమే పుట్టిందనుకోకండి. ఒంగోలులో మేము సలహాకు వెళ్లిన ఒక ఏజెంటు కూడా దాదాపు ఇదే చెప్పాడు, కాకపోతే అతను ఫీజు తీసుకుని చెప్పాడు.

ఇది ఎంత ప్రమాదమో అర్థం కావాలంటే మన పెళ్లి ఏ క్షణంలో పెళ్లి అవుతుందో ముందు తెలుసుకోవాలి. నేను వీసా కోసం మొదటిసారి ఆ ప్రశ్న వేసుకున్నాను, నిజం చెప్పాలంటే అంతకు ముందు ఎన్ని పెళ్లిళ్లకు వెళ్లినా భోజనాల బంతి మీదే దృష్టి ఉండేది. మా పురోహితుణ్ణి అడిగితే సుముహూర్తానికి వధూవరులు ఒకరి తలపై ఒకరు జీలకర్ర బెల్లం పెట్టి, తెర తీసి చూసుకున్న క్షణమే పెళ్లి, తక్కినవి దాని తరువాత వచ్చే అంగాలు అన్నాడు. నాయనమ్మను అడిగితే మూడు ముళ్లు పడితేనే పెళ్లి, మిగతాదంతా అలంకారం అంది. నెల్లూరులో మేము కలిసిన న్యాయవాదిని అడిగితే ఆయన 1955 నాటి హిందూ వివాహ చట్టం ఏడో సెక్షను తీసి చదివాడు. ఇరువైపుల వారిలో ఎవరి ఆచారం ప్రకారం చేసినా వివాహం చెల్లుతుంది, ఆ ఆచారంలో సప్తపది ఉంటే మాత్రం ఏడో అడుగు పడ్డప్పుడు వివాహం సంపూర్ణమవుతుంది. అంటే పురోహితుడికి జీలకర్ర బెల్లం, నాయనమ్మకు తాళి, చట్టానికి ఏడో అడుగు. ఒకే పందిట్లో, ఒక పూట లోపల ఈ మూడూ జరిగిపోతాయి కనుక మనకు ఎప్పుడూ తేడా తెలియదు. నాకు మాత్రం ఆ తేడా మీదే బతుకు వేలాడింది.

మాలకొండలో ఆచారం ప్రకారం పెళ్లి జరిగితే, రిజిస్ట్రారు దగ్గర నమోదు చేసినా చేయకపోయినా, అది పెళ్లే. నమోదు చేయించుకోకపోవడం వల్ల హిందూ వివాహం చెల్లకుండా పోదు. ఆ తరువాత నేను ముంబై వెళ్లి, అవివాహితనని ప్రమాణం చేసి వీసా అడిగితే అది అబద్ధపు ప్రమాణం. అమెరికా వలస చట్టంలో ముఖ్యమైన విషయం దాచి, అబద్ధమాడి వీసా పొందజూసిన వారికి శాశ్వత నిషేధం ఉంది. ఆ మాట నేను చెబితే పెదనాన్న నమ్మలేదు. మాలకొండ గుడిలో ఎవరు చూడొచ్చారు అన్నాడు. ఈ రోజుల్లో గుడిలో కొబ్బరికాయ కొట్టినా నలుగురి ఫోన్లలో ఫొటో ఉంటుందని, పెళ్లికి వచ్చిన పదిమందిలో ఒకరు స్టేటస్ పెట్టినా చాలునని తమ్ముడు చెప్పాక కొంచెం తగ్గాడు.

దీనికి తలకిందులుగా ఇంకొక సలహా వచ్చింది. తాళి, మంత్రాలు ఏమీ లేకుండా రిజిస్ట్రేషన్ ఒక్కటి చేయించి, ఆ సర్టిఫికెట్‌తో భార్య వీసాకు వెళ్లండి, పెళ్లి తీరిగ్గా చేసుకోవచ్చు అని ఒక బంధువు అన్నాడు. విచిత్రంగా 2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఇలాంటి వ్యవహారం మీదే తీర్పు ఇచ్చింది. ఇద్దరు పైలట్లు వివాహ క్రతువేదీ జరగకుండానే ఒక సంస్థ ఇచ్చిన పత్రంతో పెళ్లి నమోదు చేయించుకున్నారు. క్రతువు జరగని చోట ఆ నమోదు హిందూ వివాహాన్ని సృష్టించలేదని జస్టిస్ నాగరత్న, జస్టిస్ మసీహ్‌ల ధర్మాసనం తేల్చింది. ఆ వార్త పత్రికలో వచ్చిన రోజు నాన్న పొగాకు వేలం కేంద్రం నుంచి ఫోన్ చేసి మరీ చదివి వినిపించాడు. బేళ్లకు ధర ఎంత పలికిందో చెప్పడం ఆ రోజు మరిచిపోయాడు.

అలా కాగితం లేని పెళ్లీ వద్దు, పెళ్లి లేని కాగితమూ వద్దు అన్న చోట మేము ఆగాము. మిగిలింది నిశ్చితార్థం. దానికి చట్టంలో పెళ్లి హోదా లేదు. అది 2022 డిసెంబరులోనే, అతను వచ్చినప్పుడు జరిగిపోయింది. తాంబూలాలు మార్చుకున్నారు, లగ్నపత్రిక చదివారు, ఉంగరాలు తొడిగించారు, దానితో ఆగితే బాగుండేది. ఫొటోగ్రాఫరు దండలు తెచ్చి "మార్చుకోండి, ఆల్బమ్‌కు బాగుంటుంది" అన్నాడు. మార్చుకున్నాం. ఆ రెండు దండలు ఎంత పని చేశాయో మొదట్లోనే చెప్పాను.

ఈ వీసాకు ఇంకొక షరతుంది. దరఖాస్తు పెట్టే నాటికి ముందు రెండేళ్ల లోపల ఇద్దరూ ప్రత్యక్షంగా కలుసుకుని ఉండాలి. దొంగ పెళ్లిళ్లను అరికట్టడానికి 1986లో చేసిన చట్టంలో దీన్ని చేర్చారు. కలుసుకోవడం తమ సంస్కృతిలోని కఠినమైన, చిరకాల ఆచారానికి విరుద్ధమని నిరూపించగలిగితే మినహాయింపు కూడా ఉంది. పెదనాన్న ఈ ముక్క వినగానే ఉత్సాహపడ్డాడు కానీ, పెళ్లిచూపులు పెట్టుకునే మనకు ఆ మినహాయింపు ఎలా వర్తిస్తుంది? మేము ఒంగోలులో పెళ్లిచూపులలో కలిశాం, నిశ్చితార్థంలో కలిశాం. ఆ మధ్యలో పది రోజుల్లో మా తమ్ముణ్ణి వెంటబెట్టుకుని రెండుసార్లు బయట కాఫీ తాగాం. ఇదంతా నిజం, నిరూపించడమే కష్టమైంది. 2024 మేలో అమెరికా వలస సేవల విభాగం నుంచి అదనపు ఆధారాలు కోరుతూ లేఖ వచ్చింది. దండల ఫొటోలు పంపితే పెళ్లి అనుకుంటారని భయపడి మేము మొదటిసారి వాటిని పంపలేదు. పంపిన ఫొటోలో పద్నాలుగు మంది ఉన్నారు. అతను ఒక కొసన నిలబడ్డాడు, నేను రెండో కొసన నిలబడ్డాను, మధ్యలో రెండు కుటుంబాలు పరువుగా నిలబడ్డాయి. ఇది చూసి ఆ ఇద్దరూ పెళ్లి చేసుకోబోతున్నారని ఎవరు నమ్ముతారు?

చివరికి న్యాయవాది చెప్పిన మాట విన్నాం. దాచవద్దు, వివరించండి అన్నాడు. అతని పాస్‌పోర్టు మీద ముద్రలు, విమానం బోర్డింగ్ పాసులు, దండల ఫొటోలతో సహా నిశ్చితార్థపు ఫొటోలన్నీ, లగ్నపత్రిక నకలు, దానితో పాటు మా వైపు నిశ్చితార్థంలో ఏమేం జరుగుతాయో, పెళ్లిలో ఏమేం జరుగుతాయో, ఏది జరిగింది, ఏది జరగలేదో వివరంగా రాసిన రెండు పేజీల ఉత్తరం పంపాం. ఆ ఉత్తరం నేనే రాశాను. జీలకర్ర బెల్లం అంటే ఏమిటో ఇంగ్లీషులో రాయడానికి ఒక మధ్యాహ్నమంతా పట్టింది. ఆగస్టులో దరఖాస్తు మంజూరైంది.

కాగితాల సంగతి కొంచెం చెప్పాలి, మా ప్రాంతం వారికి ఉపయోగపడుతుంది. మా ఊళ్లో పుట్టిన చాలామంది లాగే నా జనన నమోదులో పేరు లేదు, "ఆడ శిశువు" అని మాత్రమే ఉంది. పుట్టుక నమోదై పేరు లేనప్పుడు దాన్ని చేర్చడానికి 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం పద్నాలుగో సెక్షనులో వీలుంది. పదో తరగతి సర్టిఫికెట్, తల్లిదండ్రుల ప్రమాణపత్రం ఇచ్చి చేర్పించుకున్నాం. కానీ కొత్తగా ఇచ్చిన పత్రంలో శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా అని ఉంది, ఆధార్‌లోనూ పాత పాస్‌పోర్టు చిరునామాలోనూ ప్రకాశం జిల్లా అని ఉంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలను పునర్వ్యవస్థీకరించినప్పుడు కందుకూరును ప్రకాశం నుంచి నెల్లూరులో కలిపారు కనుక రెండూ సరైనవే. పరదేశపు అధికారికి ఇది ఎలా తెలుస్తుంది అని నేను హైరానా పడుతుంటే నాయనమ్మ నవ్వింది. తాను కాపురానికి వచ్చినప్పుడు కందుకూరు నెల్లూరు జిల్లాలోనే ఉండేదట. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పాటుచేసినప్పుడు అందులోకి వెళ్లింది, 1972లో ఆ జిల్లా పేరు ప్రకాశం అయింది. "నేను కదల్లేదు, ఊరే రెండుసార్లు కదిలింది, మీ అమెరికా వోళ్లకు అదే చెప్పు" అంది. ప్రభుత్వ ఉత్తర్వు నకలు ఒకటి జత చేశాను. అడగలేదు కానీ, జత చేసినందుకు రాత్రిళ్లు నిద్ర పట్టింది.

ఒంగోలు ఏజెంటు మాతో ఆరువేలు తీసుకుని అవివాహిత ధ్రువపత్రం ఒకటి తెప్పించాడు. తీరా చూస్తే కాన్సులేటు అడిగే కాగితాల జాబితాలో ఆ పేరే లేదు. ఉండవలసినవి మా ఇద్దరి సంకల్ప పత్రాలు, అంటే మాకు పెళ్లాడే స్వేచ్ఛ ఉందని, 90 రోజులలో పెళ్లాడతామని ఎవరికి వారు రాసి సంతకం చేసినవి. జనన పత్రం, పాస్‌పోర్టు కార్యాలయం ఇచ్చే పోలీస్ క్లియరెన్స్, వైద్య పరీక్ష నివేదిక, అతని ఆదాయం చూపే ఐ-134 ఫారం కూడా ఉండాలి. అంతకు ముందు పెళ్లయి ఉంటే విడాకుల పత్రమో, మరణ ధ్రువపత్రమో తప్పనిసరి. ఆదాయం ఆ దేశపు పేదరిక రేఖకు తగ్గకూడదు. 2024 లెక్కలో నలుగురున్న కుటుంబానికి అది 31,200 డాలర్లు. అతని మీద ఆధారపడిన తల్లిదండ్రులతో, నాతో కలిపి నలుగురమే అవుతాం. పెళ్లి తరువాత గ్రీన్ కార్డుకు దరఖాస్తు పెట్టేటప్పుడు దీనికి 125 శాతం చూపాలి.

ఆ ఐ-129ఎఫ్ ఫారంలో నాకు నచ్చిన భాగం ఒకటుంది. గృహహింస, హత్య, అత్యాచారం వంటి నేరాలలో శిక్షపడి ఉందా, కోర్టు రక్షణ ఉత్తర్వు ఏదైనా అతని మీద ఉందా అని అబ్బాయినే అడుగుతారు. ఉంటే ఆ సంగతి అమ్మాయికి తెలియజేస్తారు. హింసకు గురైతే నాకున్న హక్కులేమిటో చెప్పే కరపత్రం కూడా ఇంటర్వ్యూ సమయంలో నా చేతికిచ్చారు. మన పెళ్లిచూపులలో జీతం అడుగుతాం, ఇల్లు సొంతమా అద్దెదా అడుగుతాం, గోత్రం అడుగుతాం, నక్షత్రం అడుగుతాం. అబ్బాయి ఎవరినైనా కొట్టాడా అని ఏ మధ్యవర్తీ అడగగా నేను వినలేదు. అదే ఫారంలో అంతర్జాతీయ పెళ్లిళ్ల బ్రోకరు ద్వారా కలిశారా అన్న ప్రశ్న కూడా ఉంది. సంబంధం తెచ్చిన మామయ్య ఇది తెలిసి కొన్నాళ్లు మాట్లాడలేదు. డబ్బు తీసుకుని ఆ వ్యాపారం చేసేవారి గురించి ఆ ప్రశ్న అని, ఆయన మా ఇంట రెండు భోజనాలు, ఒక పంచెల చాపు తప్ప ఏమీ తీసుకోలేదని నచ్చజెప్పేసరికి చల్లబడ్డాడు.

హైదరాబాదులో కాన్సులేటు ఉండగా ముంబై దాకా ఎందుకు అని అందరూ అడిగారు. కె-1 లెక్క ప్రకారం వలసేతర వీసానే, డీఎస్-160 అనే ఫారమే నింపాలి, రుసుము 265 డాలర్లు. అయినా వెళ్లేవాళ్లు అక్కడే స్థిరపడతారు కనుక దీన్ని వలస వీసాలతో కలిపే చూస్తారు, అందుకే నన్ను ముంబైకి పిలిచారు. వైద్య పరీక్ష మాత్రం హైదరాబాదులో, కాన్సులేటు గుర్తించిన వైద్యుల దగ్గర చేయించుకున్నాను. రక్తపరీక్ష, ఛాతీ ఎక్స్‌రే తీశారు. పొగాకును వేడితో ఆరబెట్టే బ్యారన్ల పక్కన పెరిగిన ఊపిరితిత్తులు ఎలా ఉంటాయోనని భయపడ్డాను. శుభ్రంగానే ఉన్నాయి.

ఇక గాజు కిటికీ దగ్గరికి వస్తాను. "కాదండీ, ఇది నిశ్చితార్థం" అన్నాను. నా మెడలో తాళి లేదని, కాళ్లకు మెట్టెలు లేవని, అగ్ని ముందు ఏడడుగులు నడవలేదని, మా చట్టం ప్రకారం ఏడో అడుగుతో వివాహం పూర్తవుతుందని చెప్పాను. ఆమె ఫొటోను దగ్గరగా పెట్టుకుని నా మెడ కేసి చూసింది, మళ్లీ గాజు ఇవతల ఉన్న నా మెడ కేసి చూసింది. ఆ తరువాత అడిగిన ప్రశ్న నేను అనుకున్నదే. పెళ్లి ఇండియాలో ఎందుకు చేసుకోలేదు? అతని తండ్రి డయాలిసిస్ సంగతి, ఆసుపత్రి ఇచ్చిన లేఖ చూపించాను. డయాలిసిస్ వారంలో ఏయే రోజులు అని అడిగింది. మంగళ, గురు, శనివారాలు అని ఆలోచించకుండా చెప్పాను. ఎందుకంటే ఏడాదిన్నరగా ఆ రోజులలో అతను నాకు ఆసుపత్రి నుంచే ఫోన్ చేసేవాడు. బహుశా ఆమెకు కావలసింది అదేనేమో. పాస్‌పోర్టు అక్కడే ఉంచుకుని, వీసా మంజూరైందని చెప్పింది. మొత్తం మీద పది నిమిషాలు కూడా పట్టలేదు.

నా అభిప్రాయం అడిగితే, ఇలాంటి బలమైన కారణం లేనివారు ఈ దారి పట్టకండి. ఇక్కడే పెళ్లి చేసుకుని, అమెరికా పౌరుడైన భర్త చేత భార్య వీసా కోసం ఐ-130 దరఖాస్తు పెట్టించుకుంటే, ఆ వీసాతో దిగిన రోజు నుంచే శాశ్వత నివాసిగా ఉండవచ్చు, ఉద్యోగం చేయవచ్చు. నేను దిగి, పెళ్లాడి, ఆ తరువాత 1,440 డాలర్లు కట్టి గ్రీన్ కార్డు కోసం స్థితి మార్పు దరఖాస్తు పెట్టి, పని అనుమతి వచ్చేదాకా ఇంట్లో కూర్చోవాలి. గ్రీన్ కార్డు మంజూరయ్యే నాటికి పెళ్లయి రెండేళ్లు నిండకపోతే ఆ కార్డు కూడా రెండేళ్లకే షరతులతో ఇస్తారు. పదేళ్లు పాఠాలు చెప్పిన మనిషికి ఆ ఖాళీ నెలలు తలచుకుంటే ఎలా ఉంటుందో నేను వేరే చెప్పనక్కరలేదు.

వీసా వచ్చాక 90 రోజుల లెక్క పురోహితుడి ముందు పెట్టాం. ఆయన జీవితంలో అమెరికా ప్రభుత్వం పెట్టిన గడువులోపల ముహూర్తం చూడటం అదే మొదటిసారి. డిసెంబరు నెలాఖరు నుంచి జనవరి 29 దాకా పుష్యమాసం, పెళ్లికి పనికిరాదు. మార్చిలో కొన్నాళ్లు శుక్ర మౌఢ్యం. మార్చి 30న ఉగాది. జనవరి 20న బయలుదేరితే గడువు ఏప్రిల్ మూడో వారంతో తీరుతుంది. మాఘమాసంలోనే, ఫిబ్రవరి నెలలో, డాలస్ సూర్యోదయానికి లెక్క కట్టి ముహూర్తం పెట్టాడు. టెక్సాస్‌లో పెళ్లికి ముందు కౌంటీ కార్యాలయంలో అనుమతి పత్రం తీసుకోవాలి, తీసుకున్నాక మామూలుగా 72 గంటలు ఆగాలి, 90 రోజుల లోపల వాడుకోవాలి అని అతను చెబితే పురోహితుడు పంచాంగం మూసి, వాళ్లకూ శూన్యకాలాలున్నాయే అన్నాడు.

నాయనమ్మ బెంగ మరొకటి మిగిలింది. పెళ్లి కాకుండా అత్తవారింట్లో ఎలా ఉంటుందని. డాలస్‌కు గంట దూరంలో మా పిన్ని, బాబాయి ఉన్నారు. విమానం దిగి నేరుగా వాళ్లింటికి వెళ్తాను, పెళ్లి దాకా అక్కడే ఉంటాను. మన వైపు పెళ్లికొడుకు వాళ్లకు విడిది ఇస్తాం, మా పెళ్లిలో పెళ్లికూతురికి విడిది ఏర్పాటు చేయవలసి వచ్చింది. అమ్మానాన్నలు విజిటర్ వీసాకు దరఖాస్తు పెట్టారు కానీ దొరికిన ఇంటర్వ్యూ తేదీ ఉగాది దాటాకే. నా వీసాతో వాళ్లు రావడానికి వీలు లేదు. ఈ వీసా వెంట పెళ్లి కాని చిన్న పిల్లలను తీసుకెళ్లవచ్చు కానీ తల్లిదండ్రులను తీసుకెళ్లలేం. అందువల్ల కన్యాదానం పిన్ని, బాబాయి చేస్తారు. నాన్న ఆ సంగతి ఒక్కసారి మాట్లాడాడు, మళ్లీ ఎత్తలేదు. బ్యారన్ దగ్గర పని ఉందని ఈ వారమంతా అక్కడే పడుకుంటున్నాడు, జనవరిలో అంత పని ఏముంటుందో నాకు తెలుసు.

మంగళసూత్రంలో రెండు బొట్లుంటాయి కదా, ఒకటి అత్తింటిది, ఒకటి పుట్టింటిది. పుట్టింటి బొట్టును కందుకూరులో మా కంసాలి చేసి నిన్న తెచ్చాడు. నాయనమ్మ పసుపు తాడుకు గుచ్చి, పోకుండా ఉంటుందని, విమానంలో మెడలోనే వేసుకొమ్మంది. పోవడానికి వీలు లేదు, అంత కష్టపడి చేయించింది అంది. నేను వద్దన్నాను. అమ్మ ముందు నవ్వింది, తరువాత ఏడ్చింది. తాడు నుంచి బొట్టు విప్పి, పసుపు గుడ్డలో చుట్టి, కంసాలి ఇచ్చిన రసీదుతో కలిపి చిన్న డబ్బాలో పెట్టాను. నా హ్యాండ్‌బ్యాగులో, వీసా కవరు పక్కన ఉంది. పసుపు తాడును నాయనమ్మ దేవుడి పటం మేకుకు తగిలించింది.